కుటుంబంతో విదేశానికి వలస: విశాఖలో ఉండగానే మొదలుపెట్టవలసిన పనులు

విదేశంలో స్థిరపడాలని ఇంట్లో అనుకున్న మరునాడే ద్వారకానగర్‌లోనో సిరిపురంలోనో ఏదో ఒక కన్సల్టెన్సీ మెట్లెక్కడం మన విశాఖలో అలవాటైపోయింది. ఆ మెట్లెక్కే ముందు ఒక ఆదివారం పూట ఇంట్లో బీరువా తెరిచి, భార్యాభర్తలవీ పిల్లలవీ కాగితాలన్నీ చాప మీద పరిచి, ఒక్కొక్కదాని మీద పేరు ఎలా పడిందో, పుట్టిన తేదీ ఎలా పడిందో పైకి చదువుతూ ఒక నోటుపుస్తకంలో రాసుకోమని నా సలహా. దరఖాస్తును పరిశీలించే అధికారికి మన ముఖం తెలియదు, మన మాట వినపడదు. ఆయన ముందు ఉండేవి కాగితాలే. ఇంటిల్లిపాది కాగితాలూ ఒకదానితో ఒకటి పొసిగేలా చేసుకోవడమే మొదటి పని. అన్నిటికంటే ఎక్కువ కాలం తినే పని కూడా అదే.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. మా తమ్ముడు పరవాడ దగ్గర ఒక పరిశ్రమలో మెయింటెనెన్స్ ఇంజినీరు, మరదలు నర్సు, వారికి ఇద్దరు పిల్లలు. కెనడా వెళదామనుకుని ఒక కన్సల్టెన్సీకి మొదటి వాయిదా కట్టేశాక, నేను గాజువాకలో వాళ్లింటికి వెళ్లి ఆ కాగితాలు పరిపించాను. మరదలి పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంది. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా, వేరే స్పెల్లింగుతో ఉంది. పెళ్లయ్యాక తీసుకున్న పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు పడింది. ఆమె మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "బావగారూ, ఈ ముగ్గురూ నేనేనని ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలి?" అని అడిగింది. డబ్బు తీసుకున్న వాళ్లెవరూ అప్పటిదాకా ఆ సంగతి గమనించలేదు. దాన్ని సరిచేసుకునేసరికి ఎనిమిది నెలలు పట్టింది.

మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, బడిలో దాన్ని పొడి అక్షరాలకు కుదిస్తారు. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు మరొక గడి ఉంటాయి. అందుచేత తెలుగువారి కాగితాల్లో ఈ తేడా రావడం తప్పు కాదు, చాలా ఇళ్లలో ఉన్నదే. చేయవలసిందల్లా పాస్‌పోర్టులోని పేరును స్థిరంగా పెట్టుకుని, సవరించడానికి వీలున్న మిగతా కాగితాలన్నిటినీ దానికి అనుగుణంగా మార్చుకోవడం, వీలులేని పాత మెమోలకు రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ చేయించుకోవడం. పెళ్లయిన స్త్రీ పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవాలన్న నియమం ఏదీ లేదు. చదువు, ఉద్యోగం కాగితాలన్నీ పుట్టింటి పేరు మీద ఉన్నప్పుడు ఆ పేరే ఉంచుకుని, భర్త పేరును మాత్రం జీవిత భాగస్వామి గడిలో చేర్పించుకోవడం మేలు.

పాస్‌పోర్టుల సంగతి మర్రిపాలెంలోని ప్రాంతీయ కార్యాలయం పరిధిలో తేలిపోతుంది కాబట్టి దూరం వెళ్లనక్కరలేదు. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకో పద్దెనిమిదేళ్ల వయసుకో, ఏది ముందైతే దానికి చెల్లిపోతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. పెద్దవాళ్ల పాస్‌పోర్టులకు గడువుందిలే అనుకుని పిల్లలవి మరిచిపోయేవారు చాలామంది ఉన్నారు. పిల్లల జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగా ఉంటే జీవీఎంసీలో పేరు చేర్పించాలి, ఆ వీలు సాధారణంగా జననం నమోదైన పదిహేనేళ్ల వరకే ఉంటుంది. పెళ్లి సింహాచలం కొండ మీద జరిగినవారు దేవస్థానం రసీదును భద్రంగా దాచుకుంటారు గానీ, అది పెళ్లి జరిగిందనడానికి ఆధారమే తప్ప రిజిస్ట్రేషన్ కాదు. పెళ్లయి ఎన్నేళ్లయినా సరే, వివాహ రిజిస్ట్రేషన్ చేయించుకుని ధ్రువపత్రం తెచ్చుకోవాలి.

ఎవరి పేరు మీద వెళ్లాలి

ఇక్కడ మన ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతుంది. ప్రధాన దరఖాస్తుదారు భర్తే అని ఎవరూ చెప్పకుండానే నిర్ణయమైపోతుంది. నిజానికి ఇద్దరి లెక్కలూ విడివిడిగా కట్టి చూడాలి. కెనడాలో 2015 నుంచి నడుస్తున్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో మొత్తం 1,200 పాయింట్ల కొలమానం మీద అభ్యర్థులను వరుస పెట్టి, పైన ఉన్నవారికి దరఖాస్తు చేసుకోమని ఆహ్వానం పంపుతారు, ఆ ఎంపికనే డ్రా అంటారు. 2023 నుంచి కొన్ని వృత్తులవారికీ, ఫ్రెంచి వచ్చినవారికీ విడిగా డ్రాలు తీస్తున్నారు, వైద్య రంగం అందులో ఒకటి. 2024 తొలి నెలల్లో అందరికీ కలిపి తీసిన డ్రాలలో కటాఫ్ 520 దాటింది. అంత ఎత్తు అందుకోలేని ఇంజినీరు భర్త కంటే, విడి డ్రాకు అర్హురాలైన నర్సు భార్య ముందు నిలిస్తే ఇంటిల్లిపాదికీ దారి దొరకవచ్చు. మా తమ్ముడింట్లో జరిగిందీ అదే.

వయసు లెక్క కఠినంగా ఉంటుంది. భార్యతోనో భర్తతోనో కలిసి వెళ్లేవారికి 20 నుంచి 29 ఏళ్ల మధ్య వయసుకు 100 పాయింట్లు వస్తాయి. 30 నిండాక ఒక్కొక్క పుట్టినరోజుకూ 5 చొప్పున తగ్గుతూ, 35 ఏళ్లకు 70, 40 ఏళ్లకు 45 అయి, ఆ తరువాత ఇంకా వేగంగా తగ్గి, 45 నిండితే సున్నా అవుతుంది. ముప్ఫై దాటినవారికి కాగితాల పని ఏడాది వాయిదా పడితే కనీసం 5 పాయింట్లు పోతాయన్నమాట. ఇక కెనడా నుంచి వచ్చిన ఉద్యోగ ఆఫర్‌కు పాయింట్లు ఇవ్వడం 2025 మార్చి 25 నుంచి ఆపేశారు. కాబట్టి పాయింట్ల కోసం ఆఫర్ లెటర్ అమ్మజూపేవారి మాట వినకూడదు. కెనడాలోని రాష్ట్ర ప్రభుత్వాల నామినేషన్‌కు మాత్రం 600 పాయింట్లు ఉన్నాయి.

ఆస్ట్రేలియాలో వృత్తి నైపుణ్యం మీద ఇచ్చే 189, 190, 491 అనే వీసాలకు కనీసం 65 పాయింట్లు ఉండాలి, ఆహ్వానం వచ్చేనాటికి 45 ఏళ్లు నిండకూడదు. అక్కడ 25 నుంచి 32 ఏళ్ల వయసుకే అత్యధికంగా 30 పాయింట్లు. దరఖాస్తుకు ముందే వృత్తి నైపుణ్యాన్ని ఆ దేశపు సంస్థ మదింపు చేయాలి: ఇంజినీర్లకు ఇంజినీర్స్ ఆస్ట్రేలియా, సాఫ్ట్‌వేర్ వారికి ఏసీఎస్, నర్సులకు ఏఎన్‌ఎమ్‌ఏసీ, వెల్డర్, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ వంటి వృత్తులకు ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా. షిప్‌యార్డులోనో స్టీల్ ప్లాంటులోనో చేతిపని మీద పేరు తెచ్చుకున్నవారు డిగ్రీ లేదని వెనక్కి తగ్గనక్కరలేదు. కెనడాలోనూ చేతివృత్తులవారికి వేరే పథకం ఉంది. అందులో ఇంగ్లీషు ప్రమాణం తక్కువ గానీ, అక్కడి యజమాని ఆఫరో అక్కడి వృత్తి ధ్రువపత్రమో ముందే ఉండాలి.

జర్మనీ దారి వేరు. అక్కడ ఉద్యోగం చేతికి వచ్చాక బ్లూ కార్డు, అంటే చదువుకున్న ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి, మీద వెళ్లడమే కుటుంబానికి అనువైనది, ఎందుకంటే బ్లూ కార్డు ఉన్నవారి భార్యకు లేదా భర్తకు ముందుగా జర్మన్ పరీక్ష పెట్టరు. 2024 జూన్ 1 నుంచి వచ్చిన అవకాశ కార్డు ఉద్యోగం వెతుక్కోవడానికి ఒక్కరు వెళ్లేందుకు పనికొస్తుంది గానీ, పిల్లాపాపలతో బయలుదేరడానికి కాదు. బ్రిటన్‌లో ముసలివారినీ రోగులనూ చూసుకునే సంరక్షణ (కేర్ వర్కర్) ఉద్యోగాల పేరుతో ఇప్పటికీ ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు. ఆ ఉద్యోగాలకు విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం 2025 జులై 22 నుంచి నిలిపివేశారు.

ఒక విషయం నర్సులు, డాక్టర్లు, ఫార్మసిస్టులు ముందే తెలుసుకోవాలి. నివాస హక్కు వేరు, వృత్తి చేసుకునే లైసెన్సు వేరు. శాశ్వత నివాసం వచ్చినంత మాత్రాన అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేరలేరు. లైసెన్సు దారిని కూడా ఇక్కడినుంచే సమాంతరంగా మొదలుపెట్టకపోతే, దిగిన తరువాత చాలాకాలం వేరే పని చేసుకుంటూ గడపవలసి వస్తుంది.

చదువు కాగితాలు, ఉద్యోగం కాగితాలు

కెనడాకు వెళ్లేవారి డిగ్రీని డబ్ల్యూఈఎస్ వంటి సంస్థ అక్కడి ప్రమాణంతో పోల్చి నివేదిక ఇస్తుంది, అది అయిదేళ్లు చెల్లుతుంది. దీనికి మన దగ్గరున్న మెమోలు సరిపోవు. విశ్వవిద్యాలయమే ట్రాన్‌స్క్రిప్టులు సిద్ధం చేసి, కవరు అంటించిన చోట ముద్ర వేసి సీలు చేసి ఇవ్వాలి, లేదా నేరుగా పంపాలి. ఆ కవరు చేతికి వస్తే లోపల ఏముందో చూద్దామన్న ఆత్రంతో తెరవకూడదు, తెరిచారా అది ఇక చెల్లదు. మన ప్రాంతంలో చాలామంది ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపో జేఎన్‌టీయూ కాకినాడ వైపో వెళ్లవలసి ఉంటుంది. కాలేజీ పేరు ఏదైనా, డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయానికే దరఖాస్తు పెట్టాలి. స్నాతకోత్సవ డిగ్రీ, అంటే మనం ఓడీ అని పిలుచుకునేది, తీసుకోకుండా ప్రొవిజనల్‌తోనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చినవారు మొదట దానికి దరఖాస్తు చేయాలి.

చదువు కాగితాల కంటే కష్టమైనవి ఉద్యోగానుభవం కాగితాలు. మన పారిశ్రామిక ప్రాంతంలో పేరు పెద్ద కంపెనీది, జీతం కాంట్రాక్టరుది అన్న పరిస్థితి చాలామందిది. పదేళ్లుగా ఒకే గేటులోంచి లోపలికి వెళుతున్నా, కాగితాల్లో నలుగురు కాంట్రాక్టర్లు మారి ఉంటారు, అందులో ఒకరిద్దరు వ్యాపారమే మూసేసి ఉంటారు. వలస అధికారులకు కావలసిన లేఖ మామూలు సర్వీసు సర్టిఫికెట్ కాదు. సంస్థ లెటర్‌హెడ్ మీద, చేరిన తేదీ, మానిన తేదీ, హోదా, వారానికి పనిగంటలు, జీతభత్యాలు, చేసిన పనుల వివరం, సంతకం చేసిన అధికారి పేరు, హోదా, సంస్థ చిరునామా అన్నీ ఉండాలి. కెనడా ప్రధాన పథకానికి గడిచిన పదేళ్లలో కనీసం ఒక ఏడాది ఎడతెగని అనుభవం, అంటే 1,560 గంటలు, చూపించాలి.

అటువంటి లేఖ ఇవ్వడానికి మన దగ్గరి హెచ్‌ఆర్ వారు జంకుతారు, మనిషి మానేస్తాడేమోనని అనుమానిస్తారు. గట్టిగా అడిగి తగాదా పెట్టుకోవడం కంటే, చేసిన పనులు మీ మాటల్లోనే ఒక పేజీలో రాసి తీసుకెళ్లి, ఇందులో తప్పుంటే దిద్దండని అడగడం మంచిది. ఎవరికైనా దిద్దడం రాయడం కంటే తేలిక. ఆ పేజీని వెళ్లే దేశపు ప్రభుత్వం ప్రచురించే వృత్తుల పట్టికలోని వాక్యాలతో నింపవద్దు. ఏ యంత్రం మీద పనిచేశారు, ఎంతమందిని చూసుకున్నారు, షట్‌డౌన్ సమయంలో మీ వంతు ఏమిటి అన్నవి రాస్తే చదివేవారికి నమ్మకం కలుగుతుంది. సంస్థ మూతపడి లేఖ రాని చోట్ల పీఎఫ్ పాస్‌బుక్‌లో యూఏఎన్ కింద కనిపించే సర్వీసు చరిత్ర, ఫారం 16, బ్యాంకు ఖాతాలో జీతం జమలు, నియామక పత్రం కలిపి సాక్ష్యంగా నిలబెట్టుకోవాలి. చేతికి నగదుగా తీసుకున్న జీతానికి ఏ ఆధారమూ దొరకదు. వెళ్లాలన్న ఆలోచన ఇంకా మొగ్గలో ఉన్నవారు సైతం ఈ నెల నుంచే జీతం ఖాతాలో పడేటట్టు చూసుకోవాలి.

లేని అనుభవాన్ని కాగితం మీద కొనుక్కోవడం గురించి స్పష్టంగా చెప్పాలి. నకిలీ అనుభవ పత్రం బయటపడితే కెనడా అయిదేళ్లు దరఖాస్తు చేయకుండా నిషేధిస్తుంది, ఆస్ట్రేలియా మూడేళ్లు తలుపు మూస్తుంది. ఇచ్చినవాడికి ఆ నిషేధం తగలదు. నిషేధం పడిన ఆ అయిదేళ్లలో వయసు పాయింట్లు కూడా కరిగిపోతాయి.

ఇంగ్లీషు పరీక్షలో అర బ్యాండ్ విలువ

కెనడా వలసకు ఐఈఎల్‌టీఎస్‌లో జనరల్ ట్రైనింగ్ రాయాలి, విద్యార్థులు రాసే అకడమిక్ కాదు. ఫలితం రెండేళ్లు చెల్లుతుంది. డిగ్రీ, మూడేళ్లకు పైబడిన అనుభవం ఉండి, భార్యతోనో భర్తతోనో కలిసి దరఖాస్తు చేసేవారు ఒకరికి వినడంలో 7.5 బ్యాండ్ (ఈ పరీక్షలో మార్కును అలా అంటారు), చదవడం, రాయడం, మాట్లాడడంలో 6.5 చొప్పున వచ్చాయనుకుందాం. అదే మనిషి వినడంలో 8, మిగతా మూడింటిలో 7 తెచ్చుకుంటే ఎంత తేడా వస్తుందో లెక్కకట్టి చూడండి. భాషకు నేరుగా 28 పాయింట్లు పెరుగుతాయి, చదువుతో కలిపి ఇచ్చేవి 12, అనుభవంతో కలిపి ఇచ్చేవి 25 పెరుగుతాయి. ఒక్కొక్క విభాగంలో అర బ్యాండ్ పెరిగినందుకు మొత్తం 65 పాయింట్లు వస్తాయి. ఇన్ని పాయింట్లు ఇంకే పని మీదా ఇంత తక్కువ ఖర్చుతో రావు. అందుచేత కన్సల్టెన్సీకి కట్టదలచిన సొమ్ములో కొంత మంచి శిక్షణకూ, అవసరమైతే రెండోసారి పరీక్షకూ పెట్టమని గట్టిగా చెబుతాను. మనవాళ్లు ఎక్కువగా తగ్గేది రాయడంలో. రోజూ ఒక లేఖ, ఒక వ్యాసం చేత్తో రాసి, తెలిసినవారితో దిద్దించుకుంటే మూడు నాలుగు నెలల్లో మార్పు కనిపిస్తుంది. భాగస్వామి కూడా పరీక్ష రాయాలి, కెనడాలో భాగస్వామి భాషకు 20 పాయింట్ల దాకా ఉన్నాయి.

డబ్బు ఎలా చూపించాలి

2025 జులైలో సవరించిన లెక్క ప్రకారం కెనడాకు వెళ్లే నలుగురి కుటుంబం 28,362 కెనడా డాలర్లు చూపించాలి. ఈ మొత్తం ఏటా మారుతుంది. ఇది అప్పు తెచ్చి చూపించేది కాదు. బ్యాంకు ఇచ్చే లేఖలో ఖాతా ఎప్పుడు తెరిచారు, ఇప్పుడు నిల్వ ఎంత, గడిచిన ఆరు నెలల సగటు ఎంత, ఏయే అప్పులున్నాయి అన్నవన్నీ ఉండాలి కాబట్టి, చివరి వారంలో చుట్టాల దగ్గర సర్ది వేసిన డబ్బు ఇట్టే పట్టుబడుతుంది. మధురవాడలో స్థలం ఉంది, లాకర్‌లో బంగారం ఉంది అంటే ఈ లెక్కలోకి రావు. స్థలం అమ్మదలిస్తే ఆహ్వానం రాకముందే అమ్మి, దస్తావేజు నకలు దగ్గర ఉంచుకుని, సొమ్మును ఖాతాలో ఆరు నెలలు నిలబెట్టాలి. ఆహ్వానం వచ్చాక దరఖాస్తుకు ఇచ్చే గడువు 60 రోజులే, ఆ లోపల స్థలాలు అమ్ముడుపోవు.

ఆ 60 రోజుల్లో చేయగలిగే పనులు తక్కువ. పోలీసు క్లియరెన్సు పాస్‌పోర్టు సేవా ద్వారా వస్తుంది. గల్ఫులోనో ఓడల కంపెనీ ఉన్న దేశంలోనో గడిచిన పదేళ్లలో వరుసగా ఆరు నెలలు ఉన్నవారు అక్కడి క్లియరెన్సు కూడా తేవాలి, దాన్ని ముందే కదిలించడం మంచిది. వైద్య పరీక్ష ఆ దేశం గుర్తించిన డాక్టరు దగ్గరే చేయించుకోవాలి, మన కుటుంబ వైద్యుడి పత్రం చెల్లదు. హైదరాబాదు వెళ్లే పని పడితే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నలుగురూ ఒకేసారి వెళ్లి, అందరి వైద్య పరీక్షలూ ఒకే ప్రయాణంలో ముగించుకునేలా తేదీలు కుదుర్చుకోండి. కుటుంబంలో ఇప్పుడు వెంట రానివారిని సైతం దరఖాస్తులో చూపించాలి. కెనడా దరఖాస్తులో పేరు చెప్పకుండా వదిలేసిన భార్యనో బిడ్డనో తరువాత స్పాన్సర్ చేసుకునే హక్కు సాధారణంగా ఉండదు. పిల్లలు సాధారణంగా 22 ఏళ్లు నిండనంతవరకే ఆధారితులుగా లెక్కకు వస్తారు.

ఏజెంటును నమ్మే ముందు

2024 మే నెలలో మన నగర పోలీసులు బయటపెట్టిన కంబోడియా ఉదంతం విశాఖవాసులు మరవకూడదు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి తీసుకెళ్లిన మన కుర్రాళ్ల చేత, అక్కడ బంధించి సైబర్ మోసాలు చేయించారు. విదేశంలో ఉద్యోగం ఇప్పిస్తామనేవారు 1983 నాటి వలస చట్టం కింద విదేశాంగ శాఖ దగ్గర నమోదై ఉండాలి. ఈమైగ్రేట్ పోర్టల్‌లో వారి పేరు వెతికితే నిమిషంలో తెలుస్తుంది. కెనడా వలస మీద డబ్బు తీసుకుని సలహా ఇచ్చే హక్కు అక్కడి కన్సల్టెంట్ల కాలేజీ (సలహాదారులను నియంత్రించే సంస్థ) లైసెన్సు ఉన్నవారికీ, అక్కడి న్యాయవాదుల సంఘాల సభ్యులకూ, క్విబెక్ నోటరీలకూ మాత్రమే ఉంది. లైసెన్సు నంబరు అడిగి, ఆ కాలేజీ రిజిస్టరులో చూసుకుని, దరఖాస్తు మీద ఆ వ్యక్తి పేరే ప్రతినిధిగా ఉంటుందో లేదో కనుక్కోండి. మీ దరఖాస్తు ఖాతా పాస్‌వర్డు మీ దగ్గరే ఉండాలి, అసలు కాగితాలు ఎవరికీ వదలకూడదు. నిజానికి పైన చెప్పిన పనులన్నీ మీరే చేసుకున్నాక, ఏజెంటుకు మిగిలే పని చాలా కొద్ది.

బయలుదేరే ముందు బ్యాంకుకు వెళ్లి, విదేశీ నివాసి అయ్యాక సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చుకునే పద్ధతి తెలుసుకోండి, అది చట్టప్రకారం తప్పనిసరి. శాశ్వతంగా వెళ్లేవారు పీఎఫ్ మొత్తం తీసుకోవచ్చు. ఊళ్లో ఉన్న పొలం ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చేదీ తీసుకోవచ్చు గానీ, ఎన్‌ఆర్‌ఐ అయ్యాక కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. ఇంటి అద్దె, పన్ను చూసుకోవడానికి నమ్మకమైన ఒకరికి రిజిస్టరైన పవర్ ఆఫ్ అటార్నీ రాసిపెట్టండి. అమ్మానాన్నలు ఇక్కడే ఉంటారు కాబట్టి వారి ఆరోగ్య బీమా రెన్యువల్ తేదీ, మందుల చీటీ, వెళ్లే ఆసుపత్రి వివరాలు వారికి దగ్గరలో ఉన్న తోబుట్టువు చేతికి ఇవ్వండి. పిల్లల టీకాల కార్డు, బడి టీసీ చేతిసంచిలోనే పెట్టుకోండి. బ్యాంకు ఓటీపీలు వచ్చే ఇక్కడి సిమ్‌కు విదేశీ రోమింగ్ తెరిపించి, దాన్ని రీఛార్జి చేస్తూ ఉండే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి. అక్కడ దిగిన మొదటి వారంలోనే ఇక్కడి ఖాతా నుంచి డబ్బు పంపించుకోవలసి వస్తుంది.